బ్లూబెర్రీ పొదలకు మమ్మీ బెర్రీ తెగులు: పెరట్లో ఏ నెలలో ఏం చేయాలి

న్యూజెర్సీలో మా పెరట్లో నాలుగు బ్లూబెర్రీ పొదలున్నాయి. పెట్టిన మూడో ఏడు బాగా కాపుకొచ్చాయి. జూన్‌లో కాయలు నీలం తిరుగుతున్న రోజుల్లో చూస్తే, గుత్తికి రెండు మూడు కాయలు మట్టి కలిసిన గులాబీ రంగుకి మారి, నిలువునా ముడతలు పడి ఉన్నాయి. వేళ్ళ మధ్య నొక్కితే రసం లేదు, ఎండు శనగలా గట్టిగా ఉంది. ఆ సాయంత్రమే గార్డెన్ షాపుకి పరిగెత్తాను. అక్కడి అబ్బాయి ఏదో మందు సీసా చేతిలో పెట్టాడు. శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి కొట్టాను. (లేబుల్ చదవకుండా అలా కొట్టడం ఎంత తప్పో తర్వాత చెబుతాను.) మరుసటి వారం ఇంకో పిడికెడు కాయలు అలాగే అయ్యాయి. ఆ విసుగులో పుల్లమజ్జిగ కూడా చల్లాను. చీమలు తప్ప ఎవరూ సంతోషించలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కాయల్లోకి బూజు దూరింది ఏప్రిల్ చివర్లో, అవి ఇంకా పువ్వులుగా ఉన్నప్పుడు. జూన్‌లో ఏ మందు కొట్టినా లోపలికి పోయినదాన్ని బయటికి లాగలేం. దీని పేరే మమ్మీ బెర్రీ. బ్లూబెర్రీకి వచ్చే బూజు తెగుళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి, వాటి గురించి చివర్లో నాలుగు ముక్కలు చెబుతాను. పెరటి పొదల దగ్గర నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీనికే. నేను చెప్పే నెలలు మధ్య న్యూజెర్సీవి. నార్త్ కరోలినా, జార్జియాల్లో ఉన్నవాళ్ళు కొన్ని వారాలు ముందుకి, బోస్టన్, మిషిగన్‌లో ఉన్నవాళ్ళు కాస్త వెనక్కి జరుపుకోండి. నెల కన్నా మొగ్గని చూసి లెక్క పెట్టుకోవడం మంచిది.

ఇది ఎలా బతుకుతుంది

బ్లూబెర్రీ ఈ నేల మొక్క. మా రాష్ట్రంలోనే దక్షిణాన పైన్ బారెన్స్ అడవిలో తనంతట తాను పెరిగేది. ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త కలిసి అడవి పొదల్లోంచి మంచివి ఏరి, వైట్స్‌బాగ్‌లో సాగు చేసి, 1916లో మొదటి పంట అమ్మారు. తెగులు కూడా ఈ నేలదే. మొక్కతో పాటే పుట్టి పెరిగింది కాబట్టి దాని అలవాట్లన్నీ బాగా తెలిసినట్టు నడుస్తుంది.

ఎండి రాలిన కాయ నేల మీద పడి, పై తోలు ఊడిపోయి, నల్లటి బుల్లి గుమ్మడికాయలా మారుతుంది. అదే మమ్మీ. మంచులో చలికాలమంతా అక్కడే పడుంటుంది. చలి దానికి అవసరం కూడా. మార్చి చివర్లో నేల తడిగా ఉండి కాస్త వెచ్చబడగానే దాంట్లోంచి గోధుమరంగు గరాటుల్లాంటి పుట్టగొడుగులు లేస్తాయి. చిటికెన వేలి గోరు కన్నా చిన్నవి. వాటిలోంచి బీజాలు గాలికి లేచి, అప్పుడే విచ్చుకుంటున్న లేత చిగురు మీద పడతాయి. పది పదిహేను రోజులకి ఆ చిగురు నల్లబడి వాలిపోతుంది, దాని మీద బూడిదరంగు పొడి పుడుతుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. ఆ చచ్చిన చిగురు పువ్వులా నటిస్తుంది. మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని వెనక్కి కొడుతుంది, తీపిగా వాసన వేస్తుంది, కాస్త చక్కెర కూడా ఊరుతుంది. తేనెటీగ పువ్వనుకుని వాలి, ఆ పొడిని కాళ్ళకి పూసుకుని నిజం పువ్వు దగ్గరికి వెళ్తుంది. అక్కడ బూజు బీజం పుప్పొడిలాగే కీలాగ్రం మీద మొలకెత్తి, కీలంలోంచి కిందికి దిగి, అండాశయంలోకి చేరుతుంది. కాయ మామూలుగానే పెరుగుతుంది. రంగు తిరిగే దాకా పైకేమీ తెలియదు.

ఇదంతా ఫోన్‌లో చెబితే మా నాన్న ఒక్క మాటతో తేల్చేశారు. "మన సజ్జకొచ్చే తేనెబంక తెగులు లాంటిదే కదమ్మా." ఆయన కనిగిరి వైపు సజ్జ వేసిన మనిషి. నిజంగానే పోలిక కుదిరింది. సజ్జ కంకి పూతలో ఉన్నప్పుడు బూజు కీలాగ్రం మీద పడుతుంది, తేనెలాంటి బంక కారుతుంది, పురుగులు వాలి పక్క కంకులకి అంటిస్తాయి. గింజ రావలసిన చోట నల్లటి గట్టి ముద్ద తయారై, నేలలో పడి పై ఏడాది దాకా ఉంటుంది. దానికి మన రైతులు చేసే పనులేంటి? విత్తనాన్ని ఉప్పు నీళ్ళలో వేసి తేలినవి తీసెయ్యడం, లోతుగా దున్ని ఆ ముద్దల్ని కప్పెయ్యడం. బ్లూబెర్రీ దగ్గర ఉప్పు నీళ్ళ పని లేదు కానీ, ఏరి పారెయ్యడం, కప్పెయ్యడం రెండూ అవే.

ముందు, అసలు ఇదేనా?

ఏప్రిల్‌లో చిగురు వాడితే మొదట అందరం మంచుదెబ్బ అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒక ఏడాది వదిలేశాను. మంచుదెబ్బ అయితే ఒక రాత్రిలో లేత చివర్లన్నీ ఒకేలా కమిలిపోతాయి. మమ్మీ బెర్రీ అయితే పొదలో అక్కడొకటి ఇక్కడొకటి. చిగురు గొడుగు పిడిలా వంగుతుంది. ఆకుని వెలుతురుకి ఎత్తి చూస్తే నడి ఈనె వెంబడి గోధుమరంగు పాకి ఉంటుంది. రెండు మూడు రోజులాగి చూడండి, ఆకు తొడిమ దగ్గర బూడిదపొడి కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు.

రెండో పరీక్ష మే చివర్లో, కాయ పచ్చిగా ఉన్నప్పుడు. ఒక్కో పొద నుంచి పది కాయలు తెంపి, వంటింటి చాకుతో అడ్డంగా కోయండి. మంచి కాయలో గింజల గదుల చుట్టూ లేత ఆకుపచ్చ కండ, మధ్యలో చిన్న తెల్ల గింజలు ఉంటాయి. తెగులు కాయలో ఆ గదుల నిండా తెల్లటి దూది కుక్కినట్టు ఉంటుంది. మొదటిసారి కోసినప్పుడు పది కాయల్లో మూడింట్లో ఆ దూది కనపడింది. పైనుంచి చూస్తే పదీ ఒక్కలాగే, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఈ పరీక్ష వల్ల ఆ ఏడాది పంట దక్కదు. జూన్‌లో ఏ పొద కింద ఎక్కువ ఏరాలో మాత్రం ముందే తెలుస్తుంది.

జూన్, జూలై: కాయ నేల మీద పడకూడదు

కోత మొదలయ్యేటప్పుడే పొద కింద పాత దుప్పటి పరవండి. నీలం కాయలు కోస్తూనే గులాబీ, బూడిద రంగు కాయల్ని వేరే గిన్నెలో వేసుకోండి. "పాడైన కాయే కదా, రాలిపోనీ" అని వదిలేశారా, వచ్చే మార్చికి అదే విత్తనం. కోత అయ్యాక కొమ్మని నెమ్మదిగా కదిపితే మిగిలినవి దుప్పటి మీద పడతాయి. మా పిల్లలకి పది మమ్మీలకి ఒక క్వార్టర్ (పావు డాలర్) చొప్పున లెక్క కట్టాను. మొదటి ఏడాది చేతి చమురు బాగానే వదిలింది, తర్వాత తర్వాత వాళ్ళకి గిట్టుబాటు కాక మానేశారు.

ఏరినవాటిని కవర్లో మూటకట్టి ఇంటి చెత్తలో వెయ్యండి. కంపోస్టులో వద్దు. ఇంటి కంపోస్టు కుప్ప అంతగా వేడెక్కదు, మమ్మీ చావదు. దాన్నే తీసుకెళ్ళి మళ్ళీ పొదల మొదట్లో వేసుకుంటే మన చేత్తో మనమే విత్తినట్టు.

ఆకులు రాలాక నవంబర్‌లో ఒకసారి రేక్‌తో కింద ఊడ్చి, కనపడినవి ఏరితే చాలు. ఎన్ని ఏరినా కొన్ని మట్టిలో కలిసిపోయి ఉంటాయి. వాటి పని మార్చిలో.

ఫిబ్రవరి చివరి నుంచి మార్చి: అసలు పని

ఇక్కడ బద్ధకించకండి. మొగ్గ కదలక ముందే మూడు పనులు ఒకదాని తర్వాత ఒకటి అయిపోవాలి.

మొదటిది కత్తిరింపు. ఆరేళ్ళు దాటిన ముదురు కొమ్మలు ఒకటో రెండో నేల మట్టానికి తీసెయ్యండి. బెరడు బూడిదరంగుకి తిరిగి, పొరలు ఊడుతూ ఉంటే అది ముదురు కొమ్మ. మధ్యలో ఒకదాన్నొకటి రాసుకునేవి, నేల మీదికి వాలినవి, ఎండినవి తీసెయ్యండి. నిలబడి చూస్తే పొద నడుమ నుంచి అవతలి కంచె కనపడాలి. గాలి ఆడితే ఆకు తొందరగా ఆరుతుంది, తడి ఆరిన ఆకు మీద చాలా రకాల బూజులు అంత సులువుగా పట్టవు. ఒక పొద నుంచి ఇంకో పొదకి వెళ్ళేటప్పుడు కత్తెరని రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి.

రెండోది నేల గీకడం. పాత ఆకులు, పైన తేలికగా ఉన్న పాత మల్చ్ (నేల మీద పరిచిన బెరడు, పొట్టు) రేక్‌తో లాగి బయటికి తియ్యండి. ఆ తర్వాత మట్టిని చేతి గొర్రుతో పైపైన, అంగుళం మించకుండా కదపండి. బ్లూబెర్రీ వేళ్ళు జుట్టులా సన్నగా, నేల పైపొరలోనే అల్లుకుని ఉంటాయి. మన ఊళ్ళో బెండ మొక్కల మధ్య పార పెట్టినట్టు ఇక్కడ పెడితే తెగులు సంగతి దేవుడెరుగు, పొదే పోతుంది.

మూడోది కప్పడం. పైన్ చెట్టు బెరడు ముక్కలు గానీ, పైన్ సూదులు గానీ, పాత రంపపుపొట్టు గానీ రెండు నుంచి మూడు అంగుళాల మందాన, పొద కొమ్మలు పాకినంత మేర పరవండి. మొదలుకి ఆనకుండా చుట్టూ ఒక జానెడు వదలండి. మమ్మీ రెండంగుళాల లోతుకి వెళ్ళిపోతే దాని గరాటు పైకి రాలేదు. పరిచాక, గరాటు కనపడ్డ చోట తప్ప, వేసవి దాకా అక్కడ మళ్ళీ తవ్వకండి, పూడ్చినవి పైకి తెచ్చినట్టవుతుంది.

చవగ్గా దొరుకుతుందని మష్రూమ్ కంపోస్ట్ మాత్రం వెయ్యకండి. అందులో సున్నం, ఉప్పు ఎక్కువ. బ్లూబెర్రీకి నేల పుల్లగా ఉండాలి, పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య. అది పెరిగితే కొత్త ఆకులు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి పసుపు తిరుగుతాయి. చాలామంది దాన్ని కూడా తెగులనుకుని మందు కొడతారు. రట్‌గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌కి మట్టి పంపి పరీక్ష చేయించుకోవచ్చు. మిగతా రాష్ట్రాల వాళ్ళు తమ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (యూనివర్సిటీ తరఫున వ్యవసాయ సలహాలిచ్చే ఆఫీసు) అడగండి.

ఏప్రిల్: మోకాళ్ళ మీద కూర్చుని వెతకండి

మా వీధిలో ఫోర్సిథియా పసుపు పూలు విచ్చే రోజుల్లో, వాన పడ్డ మర్నాడు పొద్దున్నే టార్చి పట్టుకుని పొద కింద చూస్తాను. గరాటులు మట్టి రంగులోనే ఉంటాయి కాబట్టి నిలబడి చూస్తే కనపడవు. చెంప నేలకి ఆనించినంత కిందికి వంగి, టార్చిని అడ్డంగా వేస్తే అంచు మెరుస్తుంది. ఒకటి దొరికితే వేలితో కింద తవ్వండి, సన్నటి కాడ చివర నల్లటి బుల్లి గుమ్మడికాయ వేలాడుతూ వస్తుంది. తీసి కవర్లో వెయ్యండి. ఒకటి కనపడిందంటే పక్కన ఇంకా ఉంటాయి. ఆ చుట్టుపక్కల పైపొరని రేక్‌తో కదిపి, మల్చ్ ఇంకో అంగుళం వెయ్యండి. కాడ విరిగితే ఆ గరాటు పని అయిపోయినట్టే.

వాలిన చిగురు కనపడితే, బూడిదపొడి రాకముందే, రెండంగుళాలు కిందికి పచ్చి కొమ్మ దాకా కత్తిరించండి. నాలుగైదు పొదలే కాబట్టి ఇది మనకి కుదురుతుంది. దక్షిణ న్యూజెర్సీలో హామంటన్ వైపు ఎకరాల తోటలవాళ్ళకి ఈ అవకాశం లేదు, వాళ్ళు మందు మీద ఆధారపడక తప్పదు. పొడి వచ్చేశాక కత్తిరించాల్సి వస్తే తేనెటీగలు లేవని పొద్దున్నే, ముందు కవర్ తొడిగి ఆ తర్వాత కొయ్యండి.

ఈ నెల నుంచి పై నుంచి నీళ్ళు కొట్టడం ఆపెయ్యండి. లాన్ స్ప్రింక్లర్ తిరిగే దారిలో పొదలుంటే దాని ముఖం పక్కకి తిప్పండి. డ్రిప్ పైపు మొదట్లో వేసి పొద్దున పూట పారిస్తే సరిపోతుంది.

మందు కొట్టాలా?

నేలపని సరిగ్గా చేసిన పెరట్లో చాలా ఏళ్ళు మందు లేకుండా గడిచిపోతుంది. కిందటేడు పంటలో పెద్ద భాగం పోయినా, పక్కింటివాళ్ళ పొదలు ఎవరూ పట్టించుకోకుండా పడున్నా (గాలికొచ్చే బీజాలకి కంచె అడ్డం కాదు) అప్పుడు ఆలోచించండి. అంతకన్నా ముందు పక్కింటాయనకి ఒక డబ్బా పళ్ళిచ్చి, వాళ్ళ పొద కింద కూడా ఊడ్చిపెడతానని అడగడం మేలు. నేను అడిగాను. ఆయనకి ఆ పొద బ్లూబెర్రీ అనే తెలియదు.

కొట్టదలుచుకుంటే సమయమే అన్నిటికన్నా ముఖ్యం. ఆకు మొగ్గ పగిలి పచ్చటి మొన కనపడ్డ రోజు మొదటిసారి. అక్కణ్ణుంచి లేబుల్ మీద రాసిన వ్యవధి ప్రకారం పూత రాలే దాకా. చిగురు దశ దాటాక మొదలుపెడితే సగం ఆట అయిపోయినట్టే.

ఏ మందు? సేంద్రియంగా పోదామనుకుంటే బాసిల్లస్ సబ్టిలిస్ అనే మేలు చేసే బ్యాక్టీరియాతో చేసినవి ఉన్నాయి, పూత దశలో కొంత పనిచేస్తాయి. రసాయనాల్లో కెప్టాన్ పాతది, అందరికీ తెలిసింది. కళ్ళకి చాలా ప్రమాదం, కాబట్టి కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా డబ్బా మూత కూడా తియ్యకండి. డార్మెంట్ ఆయిల్‌తో (మొగ్గ కదలక ముందు పురుగులకి కొట్టే నూనె) కలిపి గానీ, అది కొట్టిన కొద్ది రోజులకే గానీ కెప్టాన్ కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె దీనికి పనికొస్తుందని నమ్ముకోకండి. కరివేపాకు మొక్క మీది పురుగుకి అది మంచిదే, ఈ బూజుకి కాదు.

లేబుల్ మీద పంటల పట్టికలో బ్లూబెర్రీ అని ఉంటేనే కొనండి. ఎంత కలపాలి, ఎన్నాళ్ళకోసారి, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నీ అందులోనే ఉంటాయి. అమెరికాలో లేబుల్‌కి విరుద్ధంగా మందు వాడటం చట్టరీత్యా తప్పు. నాకు షాపులో ఇచ్చిన సీసా మీద గులాబీలు, గడ్డి తప్ప తినే పంట ఒక్కటీ లేదని, ఆ వారం కోసిన పళ్ళన్నీ పారబోశాక గానీ చూసుకోలేదు. ఇంకో మాట, ఊరి నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో మందు ప్యాకెట్లు తెప్పించుకోకండి. ఇక్కడ రిజిస్టర్ కానివి తేవడం నేరం, పైగా బట్టల మధ్య ఆ పొడి చిట్లితే ఇంట్లో అందరికీ ప్రమాదం.

పూత మీద ఏది కొట్టినా తేనెటీగలు గూటికి వెళ్ళాక, చీకటి పడే వేళ కొట్టండి. పురుగుమందు మాత్రం పూత ఉన్నన్నాళ్ళూ ముట్టుకోవద్దు. తెగులు మోసేది తేనెటీగే అయినా కాయ నిలబెట్టేదీ అదే.

మిగతా తెగుళ్ళు, క్లుప్తంగా

పండిన కాయ మెత్తబడి, కాడకి ఎదురు వైపున నారింజరంగు జిగురు చుక్కలు కనపడితే అది ఆంత్రాక్నోస్. చాలాసార్లు కాయలు కోసి దాచాకే ఇది బయటపడుతుంది. పండిన కాయని చెట్టు మీద ఉంచకుండా రెండు మూడు రోజులకోసారి కొయ్యండి, తడిగా ఉన్నప్పుడు కొయ్యొద్దు, కోసిన వెంటనే చల్లబరచండి. బ్లూక్రాప్ రకానికి ఇది ఎక్కువ, ఎలియట్‌కి తక్కువ.

పూత రోజుల్లో చలి, వాన కలిసొస్తే పూలు మాడి బూడిదరంగు నూగు పడుతుంది. అది బోట్రైటిస్. పొద గుబురుగా ఉన్నచోట, నత్రజని ఎరువు ఎక్కువేసినచోట ఎక్కువ. గాలి ఆడనివ్వడం తప్ప ఇంట్లో చెయ్యగలిగింది పెద్దగా లేదు.

నడి వేసవిలో ఒక కొమ్మ మాత్రమే ఆకులతో సహా ఎర్రబడి ఎండిపోతే కొమ్మ ఎండు తెగులు కావచ్చు, ఫోమాప్సిస్ అంటారు. కొమ్మని అడ్డంగా కోసి చూడండి, మధ్యలో గోధుమరంగు ఉంటే ఇంకా కిందికి కోస్తూ పోండి. తెల్లగా శుభ్రంగా కనపడ్డ చోట ఆగండి. ఒక్కోసారి నేల దాకా వెళ్ళాల్సి వస్తుంది, మనసు గట్టి చేసుకోవాలి.

పొద మొత్తం ఎదగకుండా, ఆకు చిన్నదై ఎరుపు తిరిగితే వేరుకుళ్ళు చూడండి. దీనికి కారణం నీళ్ళు నిలవడం. బంకమట్టి పెరళ్ళలో అడుగు ఎత్తున మడి కట్టి నాటడమే మందు. ఆగస్టు చివర ఆకుల మీద తెల్లపొడి వస్తే మాత్రం కంగారు పడకండి, ఆ సరికి పంట ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది.

కొత్త మొక్క తెచ్చేటప్పుడు

మా నాలుగో పొదకి తెగులు ఎలా వచ్చిందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. దాన్ని విడిగా, ఇంటి ముందు నాటాను. చివరికి ఒకరోజు అదే నర్సరీలో కొన్న ఇంకో కుండీ మొక్కని నాటుతూ పైమట్టి చేత్తో తీస్తుంటే, బెరడు ముక్కల మధ్య రెండు నల్లటి బుల్లి గుమ్మడికాయలు దొరికాయి. నర్సరీలో కిందటేడు కాసిన కాయలవి. ఇప్పుడు ఏ కుండీ తెచ్చినా నాటే ముందు పైన ఒక అంగుళం మట్టి గీకి, కవర్లో కట్టి చెత్తలో వేసి, ఆ తర్వాతే పెరట్లోకి తీసుకెళ్తున్నాను.